ల్యాప్‌టాప్ బాగు చేయించాలంటే పాస్‌వర్డ్ ఇవ్వాల్సిందేనా?

నాచారం నుంచి ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. ఆమెకు 54 ఏళ్లు. చుట్టుపక్కల చిన్న వ్యాపారులకు, పెన్షనర్లకు ఇంటి దగ్గరే కూర్చుని ఆదాయపు పన్ను రిటర్నులు, జీఎస్టీ లెక్కలు చేసి పెడతారు. సుమారు డెబ్బై మంది పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు 2017లో కొన్న ఒక ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. కొంతకాలంగా అది బాగా నెమ్మదించింది. ఎడమ వైపు కీలు విరిగి మూత ఊగుతోంది. టచ్‌ప్యాడ్ పైకి ఉబికి నొక్కుడు పడటం లేదు. “ఒక్కోసారి అసలు ఆన్ కాదు. మూత సగం వరకు తెరిస్తే బొమ్మ వస్తుంది, పూర్తిగా తెరిస్తే నల్లబడుతుంది” అని రాశారు.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డు మార్చాలన్నారట. 16,500 రూపాయలు, పాస్‌వర్డ్ రాసివ్వాలి, డేటా పోతే తమది బాధ్యత కాదని సంతకం పెట్టాలి. సికింద్రాబాద్‌లో ఒక చిన్న షాపులో కుర్రాడు, “పాస్‌వర్డ్ ఈ స్టిక్కర్ మీద రాయండి మేడమ్, ఎల్లుండి సాయంత్రం రండి” అన్నాడు. ఆ స్టిక్కర్ ల్యాప్‌టాప్ మూత మీదే అంటిస్తారని చూసి ఆమె వెనక్కి తెచ్చేసుకున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు, “ఇంకా ఆ డబ్బాతో కుస్తీ ఎందుకమ్మా, నేను కొత్తది కొనిస్తా. పాతదాన్ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇస్తే రెండు వేలొస్తాయి” అంటున్నాడు. భర్త, “నీ క్లయింట్ల పాన్ కార్డులు ఎవడికి కావాలి?” అని కొట్టిపారేస్తున్నారు. కానీ వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే ఒకమ్మాయి ఫోను రిపేరుకిచ్చాక సొంత ఫొటోలు బయటికొచ్చి ఆ కుటుంబం నలిగిపోయింది. అది కళ్లారా చూశారు. దీనికి తోడు 2021లో కొన్న ఫోను ఒకటి డిస్‌ప్లే పగిలి, పైభాగంలో టచ్ పనిచేయక బీరువాలో పడి ఉంది. దాన్నీ ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేయమంటున్నారు. “నాది పిసినారితనమా, లేక అనుమానపు జబ్బా? మంచి వస్తువును పారేయడానికి మనసొప్పదు. బాగు చేయిద్దామంటే నన్ను నమ్మి కాగితాలిచ్చిన వాళ్ల గుట్టు పరాయి చేతుల్లో పెట్టాలి” అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం

మిగతా సంగతులకు ముందు ఒక్క మాట. ఆ ల్యాప్‌టాప్‌ను ఇవాళ్టి నుంచి ఛార్జింగ్‌కు పెట్టకండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబకడం టచ్‌ప్యాడ్ జబ్బు కాదు, సాధారణంగా దాని కింద ఉన్న బ్యాటరీ ఉబ్బడం వల్ల జరుగుతుంది. లిథియం బ్యాటరీ పాతబడి లోపల రసాయనాలు చెడితే వాయువు పుట్టి పొర ఉబ్బుతుంది. దాన్ని నొక్కినా, పొడిచినా, ఛార్జ్ చేసినా మంట లేచే ప్రమాదం ఉంది. మంచం మీద, దిండు మీద, ఎండ తగిలే కిటికీలో పెట్టొద్దు. విప్పేదాకా గచ్చు మీద ఉంచండి.

ఇక మీ ప్రశ్న. మీది పిసినారితనం కాదు, జబ్బు అంతకన్నా కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చి చెప్పింది. మీ దగ్గరున్నది మీ ఒక్కరి గోప్యతే కాదు, డెబ్బై మందిది. “ఎవడికి కావాలి” అని మీవారు అడిగినదానికి జవాబుంది. పాన్, ఆధార్, సంతకం, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకే ఫోల్డర్లో దొరికితే ఆ మనిషి పేరు మీద అప్పు తీయడానికి, దొంగ జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయడానికి కావలసినవన్నీ దొరికినట్టే. ఇది మీరు రోజూ చేసే పనే కాబట్టి మీకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు, ఆయనకు మీరే చెప్పగలరు.

అయితే మీ ఉత్తరంలో రెండు విషయాలు ఒకదానికొకటి అడ్డమన్నట్టు ముడిపడిపోయాయి: బాగు చేయించాలంటే డేటా ఇవ్వాలి, డేటా కాపాడుకోవాలంటే వస్తువు పారేయాలి. ఈ ముడి ఒక స్క్రూడ్రైవర్‌తో విడిపోతుంది. మీ ల్యాప్‌టాప్‌లో డేటా ఉండేది రెండున్నర అంగుళాల సాటా హార్డ్ డిస్క్‌లో. అది ఊడదీయగలిగే ముక్క. దాన్ని తీసి ఇంట్లో పెట్టుకుని మిగతా మిషన్ ఇచ్చారంటే, ఇంక ఏ పాస్‌వర్డ్ అడిగినా అర్థం లేదు. తెరవడానికి లోపల ఏమీ ఉండదు. ఇప్పుడొస్తున్న చాలా సన్నటి ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్‌ను, ర్యామ్‌ను బోర్డు మీదే టంకం వేసేస్తున్నారు. మీ పాతదానిలో అన్నీ విడివిడిగా ఉండటం మీ అదృష్టం.

డిస్క్ తీయడం మీరే చేయొచ్చు, లేదా షాపులో మీ కళ్ల ముందు తీయించొచ్చు. మీరే చేస్తే ఇలా. షట్‌డౌన్ చేసి అడాప్టర్ తీసేయండి. కింది మూతకు పది, పన్నెండు స్క్రూలుంటాయి, పీహెచ్0 సైజు స్టార్ స్క్రూడ్రైవర్ సరిపోతుంది. ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూను ఆ చోటే కాగితానికి గుచ్చుతూ రండి. ఇది చాదస్తం కాదు. పొడవు స్క్రూను పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట బిగిస్తే అది కీబోర్డు పక్క ప్లాస్టిక్‌ను చీల్చుకుని పైకొస్తుంది. రబ్బరు కాళ్ల కింద, డీవీడీ డ్రైవ్ వెనక ఒకటో రెండో స్క్రూలు దాగి ఉంటాయి. మూత రాకపోతే బలవంతం చేయకుండా ముందు వాటికోసం వెతకండి. తర్వాత పాత ఏటీఎం కార్డు అంచుతో చుట్టూ చీలిక తీస్తూ వెళ్లాలి. చాకు, ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, లోపల ఉబ్బిన బ్యాటరీ ఉంది.

తెరవగానే మొదట ఊడదీయాల్సింది బ్యాటరీ కనెక్టరు. వైర్లు పట్టుకుని లాగకుండా, తెల్ల ప్లాస్టిక్ తల రెండు వైపులా గోళ్లతో పట్టి నెమ్మదిగా కదపండి. అది ఊడాక పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన విద్యుత్తు పోతుంది. బ్యాటరీ మరీ ఉబ్బి గట్టిగా ఇరుక్కుని ఉంటే మీరు తీయవద్దు, ఆ ఒక్క పని మెకానిక్‌కు వదిలేయండి. డిస్క్ ఒక మూల రేకు చట్రంలో మూడో నాలుగో స్క్రూలతో ఉంటుంది. చట్రంతో సహా పక్కకు జరిపితే కనెక్టర్ నుంచి వచ్చేస్తుంది. కొన్ని మోడళ్లలో సన్నటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది. దాని చివర నల్లటి గొళ్లెం పైకెత్తాకే కేబుల్ లాగాలి, లేకపోతే సాకెట్ విరిగిపోతుంది. తీసిన డిస్క్‌ను మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టండి.

ఇక మదర్‌బోర్డు సంగతి. మీరు రాసిన ఆ ఒక్క వాక్యం, సగం తెరిస్తే బొమ్మ వస్తుంది, పూర్తిగా తెరిస్తే నల్లబడుతుంది అన్నది, 16,500 రూపాయల అంచనాను అనుమానించడానికి చాలు. బోర్డు పాడైతే మూత కోణాన్ని బట్టి బొమ్మ రాదు, పోదు. స్క్రీన్‌కు వెళ్లే డిస్‌ప్లే కేబుల్ కీలు పక్కనుంచే పోతుంది. కీలు విరిగి మూత ఊగినప్పుడల్లా ఆ కేబుల్ నలుగుతుంది, లేదా కనెక్టర్ వదులవుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ లోపల ఆన్ అయ్యే ఉంటుంది, మీకు మాత్రం చీకటి కనిపిస్తుంది. తేల్చుకోవడం తేలిక. బ్యాటరీ ఊడదీసి, డిస్క్ ఇంకా తీయకముందే, అడాప్టర్ మీద ఆన్ చేయండి. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లు చాలావరకు బ్యాటరీ లేకుండానే నడుస్తాయి. తెర నల్లగా ఉన్నా క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతుందా? హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంట్లో టీవీకి కలిపితే బొమ్మ వస్తుందా? వస్తే బోర్డు బతికే ఉంది, కేబుల్ మార్చాలి, అంతే. టీవీలోనూ రాకపోతే అడాప్టర్ తీసేసి, ర్యామ్ ఊడదీసి, దాని బంగారు రంగు పళ్లను పొడి మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ బిగించి చూడాలి. అప్పటికీ రాకపోతే, అప్పుడు బోర్డు గురించి మాట్లాడుకోవచ్చు. ఈ చిన్న పరీక్షలు చేయకుండానే బోర్డు మార్చాలని చెప్పడం న్యాయం కాదు. అంచనాలు ఎప్పుడూ పెద్ద ముక్క దగ్గరే మొదలవడానికి ఒక కారణం, చాలా సర్వీస్ సెంటర్లలో చిన్న ముక్కను బాగు చేయరు, మొత్తం అసెంబ్లీని మారుస్తారు. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి. ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చిన విండోస్ లైసెన్సు సాధారణంగా బోర్డుకే కట్టి ఉంటుంది. బోర్డు మారిస్తే దాన్ని మళ్లీ యాక్టివేట్ చేయడానికి తిప్పలు పడాల్సి రావచ్చు.

కీలు విరగడం ఈ తరగతి ల్యాప్‌టాప్‌లకు మామూలు జబ్బు. ఇనుప కీలును ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్లకు బిగిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ కీలు గట్టిపడుతుంది, మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా ఇత్తడి నట్ల మీద పడి ప్లాస్టిక్‌తో సహా పెకలించుకొస్తాయి. షాపువాళ్లు వీటిని ఏ, బీ, సీ, డీ ప్యానెళ్లంటారు. ఏ అంటే మూత వెనక భాగం, బీ తెర చుట్టూ ఉండే అంచు, సీ కీబోర్డు ఉండే భాగం, డీ అడుగు. ఏ ప్యానెల్ పోయిందా, సీ ప్యానెల్ పోయిందా అడగండి. విడి ప్యానెల్ దొరికితే మార్చడమే మేలు. దొరక్కపోతే ఆరల్డైట్ జిగురు రెండు ట్యూబులు సమానంగా కలిపి ఇత్తడి నట్లను మళ్లీ కూర్చోబెట్టి, 24 గంటలు కదపకుండా ఉంచితే బాగానే నిలుస్తుంది. ఫెవిక్విక్ వేస్తానంటే ఒప్పుకోకండి. అది పెళుసు, నెల తిరక్కుండా విరుగుతుంది. ఏది చేసినా కీలు బిగువు నట్టును కాస్త వదులు చేయించాలి. బిగువు అలాగే ఉంటే అతికించిన చోటే మళ్లీ ఊడుతుంది. ఈ పని చెప్పకపోతే చాలామంది చేయరు.

నెమ్మదికి కారణం డిస్కే అని నా నమ్మకం. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఏ పనీ చేయకపోయినా డిస్క్ 100 శాతం చూపిస్తుంటుంది, చూడండి. తిరిగే డిస్క్, 4 జీబీ ర్యామ్ మీద విండోస్ 10 నడవడం కష్టం. 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల మీద రాసే వేగమైన డిస్క్) ఒకటి, 8 జీబీ ర్యామ్ ఒకటి వేస్తే మీ పనికి ఆ ప్రాసెసర్ ఇంకా కొన్నేళ్లు సరిపోతుంది. ర్యామ్ కొనేముందు పాత ముక్క మీది స్టిక్కర్ చదవండి. ఏడో తరంలో కొన్ని డీడీఆర్4 తీసుకుంటాయి, కొన్ని డీడీఆర్3ఎల్. ఒకదానిలో ఒకటి పట్టదు. బ్యాటరీ కొనేటప్పుడు కూడా పాతదాని మీది పార్ట్ నంబరు, వోల్టులు సరిచూసుకోవాలి. 11.1 వోల్టులది ఉన్నచోట 14.8 వోల్టులది పెట్టకూడదు. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు కదా, అక్కడ ఇవన్నీ విడివిడిగా దొరుకుతాయి. ధర రెండు మూడు చోట్ల అడగండి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, లేకపోతే వారంటీ మాట మీద మిగలదు.

షాపులో ఇచ్చేటప్పుడు ఒక చిన్న ఏర్పాటు చేసుకుంటే పాస్‌వర్డ్ గొడవే రాదు. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి ఇవ్వండి. డిస్క్ లేకుండానే ల్యాప్‌టాప్ దానితో ఆన్ అవుతుంది. తెర, కీబోర్డు, వైఫై, కెమెరా, శబ్దం అన్నీ మెకానిక్ పరీక్షించుకోవచ్చు. “డిస్క్ తీసేశాను, టెస్టింగ్‌కి పెన్‌డ్రైవ్ ఇదిగో” అంటే పని తెలిసిన మనిషికి వెంటనే అర్థమవుతుంది, ఎవరూ నొచ్చుకోరు. జాబ్ కార్డు మీద “హార్డ్ డిస్క్ లేకుండా తీసుకున్నాం” అని, ర్యామ్ ఎంత ఉందో, ఏ పని ఎంతకు ఒప్పుకున్నారో రాయించండి. మార్చిన పాత ముక్కలు తిరిగి ఇవ్వమని ముందే అడగండి. “డేటా పోతే బాధ్యత మాది కాదు” అన్న సంతకం గురించి మీరు భయపడ్డారు. అది డేటా పోవడం గురించి, చూడటానికి అనుమతి కాదు. పని కోసం చేతికొచ్చిన ఇతరుల వ్యక్తిగత సమాచారాన్ని నష్టం కలిగించేలా బయటపెడితే ఐటీ చట్టం 72ఏ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. కానీ శిక్ష పడినంత మాత్రాన బయటికి పోయింది వెనక్కి రాదు, అందుకే డిస్క్ ఇంట్లో ఉంచమంటున్నాను.

ఇప్పుడు ఆ పాత డిస్క్. యూఎస్‌బీ 3.0 కేసింగ్ ఒకటి కొని అందులో పెడితే అది బయటి డ్రైవ్‌లా పనిచేస్తుంది. ముందు క్లయింట్ల ఫోల్డర్లు కాపీ చేసుకోండి, సినిమాలూ పాటలూ తర్వాత. కాపీ చేస్తుండగా టకటకమని చప్పుడొస్తే వెంటనే ఆపేసి డేటా రికవరీ వాళ్లను అడగాలి, మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే ఉన్నదీ పోతుంది. అంతా సరిగ్గా తెరుచుకుంటోందని చూసుకున్నాకే పాత డిస్క్ తుడవండి. డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం పుస్తకంలో విషయసూచిక చించడం లాంటిది, పేజీలన్నీ అలాగే ఉంటాయి. క్విక్ ఫార్మాట్ కూడా అంతే. విండోస్‌లో ఫార్మాట్ పెట్టేటప్పుడు “క్విక్ ఫార్మాట్” దగ్గర టిక్ తీసేస్తే డిస్క్ మొత్తం సున్నాలు రాస్తుంది. 1 టీబీకి మూడు నాలుగు గంటలు పట్టొచ్చు. తిరిగే డిస్క్‌కు ఒక్కసారి రాస్తే చాలు.

ఎస్ఎస్‌డీకి ఈ పద్ధతి నమ్మకం కాదు. అది అరుగుదల సమానంగా పంచడానికి డేటాను తన ఇష్టమొచ్చిన చోట రాస్తుంది, పాత ముక్కలు మీకు కనపడని చోట మిగిలిపోతాయి. అందుకని ఎస్ఎస్‌డీలో క్లయింట్ల కాగితాలు పెట్టే మొదటిరోజు నుంచే తాళం వేసి పెట్టాలి. వెరాక్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 50 జీబీ పెట్టె ఒకటి తయారు చేసుకోండి. పొద్దున పాస్‌వర్డ్ కొట్టి తెరిస్తే ఒక డ్రైవ్‌లా కనిపిస్తుంది, సాయంత్రం మూసేస్తే ఆ ఫైలు ఎవరి చేతిలో పడ్డా అర్థంలేని అక్షరాలే. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే తెరిచే దారి లేదు, కాబట్టి కాగితం మీద రాసి బీరువాలో దస్తావేజుల దగ్గర పెట్టండి. అదే పెట్టె నకలు ఇంకో డ్రైవ్‌లో వేసి వేరే చోట ఉంచండి. ఈ అవకాశంలో కొంత తగ్గించుకోండి కూడా. పదేళ్ల కిందటి క్లయింటు ఆధార్ కాపీ మీకిప్పుడు ఎందుకు? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అవసరం తీరిన సమాచారాన్ని తీసేయమంటుంది, ఉన్నదాన్ని తగిన జాగ్రత్తలతో కాపాడమంటుంది. సొంత ఇంటి అవసరాలకు మినహాయింపు ఉంది కానీ మీది వృత్తి. ఇకపై వచ్చేవాళ్లను, వీలైనచోట, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి.

ఒక్క చోట మాత్రం మీ అబ్బాయి మాటలో బలం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ నుంచే. మీది ఒక్క మెట్టు కింద ఉంది. యంత్రం అరగలేదు, గీత అక్కడ గీశారు. ఇదే నాకు బాధ కలిగించే విషయం. పనిచేసే లక్షల మిషన్లు ఆ గీతతో చెత్తగా మారుతున్నాయి. అయినా పరుల డేటా ఉన్నచోట ఈ సంగతిని పక్కన పెట్టలేం. మీ ముందు మూడు దారులున్నాయి. ఇళ్లలో వాడే పీసీలకు పొడిగింపు భద్రతా అప్‌డేట్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. ఖర్చు తక్కువ, ఆ తర్వాత మళ్లీ ఇదే ప్రశ్న. రెండోది, లినక్స్ మింట్‌కు మారడం. 4 జీబీ ర్యామ్‌లో కూడా హాయిగా నడుస్తుంది, వేసేటప్పుడే మొత్తం డిస్క్‌కు తాళం పెట్టే వీలుంది, పోర్టళ్లలో బ్రౌజర్ పనులన్నీ అవుతాయి. కానీ ఆదాయపు పన్ను శాఖ ఎక్సెల్ యుటిలిటీలు మాక్రోల మీద, అంటే ఎక్సెల్ లోపలి చిన్న ప్రోగ్రాముల మీద నడుస్తాయి, వాటికి అసలు ఎక్సెల్ కావాలి. మీరు వాటి మీదే ఆధారపడితే సీజన్ మధ్యలో ఇరుక్కుంటారు. మూడోది, పనికి ఎనిమిదో తరం లేదా ఆపై రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగు చేసి అమ్మే) ఆఫీసు మోడల్ ఒకటి తీసుకుని, పాతదాన్ని ఇంటి అవసరాలకు లినక్స్‌తో వాడుకోవడం. మీరిప్పుడు కొనే సాటా ఎస్ఎస్‌డీ, ఆ మోడల్‌లో రెండున్నర అంగుళాల చోటు ఉంటే, దానిలోకి మారుతుంది. డబ్బు వృథా కాదు.

ఎక్సెల్ యుటిలిటీ తప్పదంటే నేనైతే మూడోదాని వైపు మొగ్గుతాను, పోర్టళ్లతోనే పని సాగితే రెండోది. నిర్ణయం మీది. అబ్బాయి కొత్తది కొనిస్తానంటే వద్దనక్కర్లేదు కూడా, కానీ కొత్తది రాగానే గోప్యత దానంతటదే వచ్చేస్తుందని అనుకోకండి. విండోస్ 11 మొదటిసారి తెరిచినప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది, డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌లోకి పంపే ఏర్పాటు చాలాసార్లు అడక్కుండానే మొదలవుతుంది. అంటే మీ డెబ్బై మంది కాగితాలు మీరు చెప్పకుండానే ఇంకొకరి సర్వర్‌కు చేరతాయి. సెట్టింగ్స్‌లో ఆ బ్యాకప్ ఆపండి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు వేసే తాళం) ఆన్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ ప్రింటు తీసి దాచండి. రేపు బోర్డు మార్చాల్సి వస్తే అది లేకుండా మీ డేటా మీకే దక్కదు. అబ్బాయితో “నేను దీనితో తిప్పలు పడుతున్నాననే కదా నీ బాధ. ఎస్ఎస్‌డీ, ర్యామ్ నువ్వే కొనివ్వు, విండోస్ సంగతి సెలవుల్లో కూర్చుని ఇద్దరం చూద్దాం” అని చెప్పి చూడండి. అతనిది తల్లి మీద బెంగే కాబట్టి ఇందుకు కాదనడు. పని మాత్రం జులై రిటర్నుల రద్దీ మొదలవ్వకముందే పెట్టుకోండి. పాత ల్యాప్‌టాప్ ఇచ్చేయాలనే నిర్ణయానికే వస్తే డిస్క్ లేకుండా ఇవ్వండి. ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చే రెండు వేలలో కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఊడదీసిన ఉబ్బిన బ్యాటరీని స్వచ్ఛ ఆటోలో వేయకండి. ఆ చెత్త నలిగే చోట నిప్పంటుకుంటుంది, అక్కడ పనిచేసేవాళ్లకు ప్రాణాపాయం. కనెక్టర్ కొసలకు టేపు చుట్టి, పొడి ఇసుక పోసిన మట్టికుండలో, ఇంటి బయట నీడలో ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులు పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలి.

చివరగా బీరువాలో ఉన్న ఫోను. టచ్ పోయింది కాబట్టి రీసెట్ ఎలా అనుకుంటున్నారేమో, మౌసుతో అవుతుంది. కోఠీలోని గుజరాతీ గల్లీలో సీ-టైప్ ఓటీజీ అడాప్టర్ తెచ్చి మామూలు యూఎస్‌బీ మౌసు తగిలించండి. తెర మీద బాణం గుర్తు వస్తుంది, దానితోనే పిన్ కొట్టొచ్చు. ఫొటోలు తీసుకుని, వాట్సాప్ బ్యాకప్‌కు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టి పూర్తి చేయండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి. మెమరీ కార్డును రీసెట్ తుడవకపోవచ్చు. తర్వాత సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తీసేసి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అకౌంట్ తీయకుండా బటన్లతో రీసెట్ చేస్తే ఫోను మళ్లీ మీ అకౌంటే అడుగుతుంది, అప్పుడు కొన్నవాళ్లు మీ పాస్‌వర్డ్ కోసం ఫోన్ చేస్తారు. ఈ తరం ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటా మొదటినుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. రీసెట్‌తో తాళంచెవి చెరిగిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ నింపి తుడవాల్సిన పని లేదు.

బాగు చేయించి వాడుకుందామంటే అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో కాంబో ఎంతో అడగండి, అంటే గాజు, డిస్‌ప్లే, టచ్ కలిపిన ముక్క. ఒరిజినలా, కాపీనా తేల్చుకోండి. తెరలోనే వేలిముద్ర ఉండే ఫోనుకు చవక టీఎఫ్‌టీ (ఎల్‌సీడీ రకం) కాపీ వేస్తే వేలిముద్ర పనిచేయదు. దీనికీ పిన్ ఇవ్వాల్సిన అవసరం లేదు. లాక్ స్క్రీన్ మీదే టార్చి, కెమెరా, ఎమర్జెన్సీ కాల్ అంకెలు నొక్కి టచ్ మొత్తం పరీక్షించొచ్చు, మీరు పక్కన నిలబడితే పని కూడా అక్కడికక్కడే అవుతుంది. ఇచ్చేయదలిస్తే, మౌసు తగిలించి ఉన్నప్పుడే *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు, అంటే ఫోను గుర్తింపు సంఖ్య, రాసుకోండి. తీసుకునేవాళ్ల దగ్గర ఆ నంబరు, తేదీతో రశీదు తీసుకోండి. రేపు ఆ ఫోను ఎవరి చేతిలో పడి ఏ తప్పుడు పనికి వాడినా, ఫలానా రోజున మీ చేయి దాటిపోయిందని చూపించడానికి అదే ఆధారం.